భూపాలపల్లి అతుకు

జనగామ వైపు పశువులకు గడ్డల రోగం భూపాలపల్లి నుంచి తోలుకొచ్చిన ఎడ్లతోనే అంటుకుందని తేల్చింది నేను. దానికి ఆధారమంటూ ఒక వైరస్ జన్యుక్రమాన్ని, ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూసుకోగల డేటాబేస్‌లో పెట్టిందీ నేనే. ఆ ఆధారం ఉత్తది. దానివల్ల ఒక పశువుల బేరగాడికి అంగడి, అంటే ఎడ్లమ్ముకునే సంత, మూసుకుపోయింది.

ఈ సంగతి మీద ఇప్పటికే రెండు కథలు తిరుగుతున్నాయి. యంత్రం తప్పు చదివిందని ఒకటి. శాంపిళ్ళు తెచ్చిన మనిషి సీసాలు తారుమారు చేసిందని ఇంకొకటి. రెండూ అబద్ధం. రెండోది నా నోట్లోనే పుట్టింది. ఉద్యోగం మధ్యలోనే వదిలేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు దాచుకుని చేసేదేమీ లేదు. కొత్తగా లేబ్‌లలో చేరుతున్న మీలాంటివాళ్ళు ఆ రెండు కథలూ నమ్మి పనిలోకి దిగకూడదని ఇది రాస్తున్నాను.

మాది పశువ్యాధుల లేబ్. నాది తెల్లకోటు వేసుకునే పని కాదు, కంప్యూటర్ ముందు కూర్చునే పని. పశువు పుండు మీది పక్కు నుంచి వైరస్‌ను తీసి యంత్రంలో పెడితే, యంత్రం దాని జన్యువును చిన్న చిన్న తునకలుగా చదివి పంపిస్తుంది. గడ్డల రోగం వైరస్‌ది పెద్ద జీనోమ్, దాదాపు లక్షన్నర అక్షరాలు. చిరిగి ముక్కలైన పుస్తకాన్ని, అదే పుస్తకం ఇంకో ప్రతి పక్కన పెట్టుకుని, చూసి అతికించినట్టు ఉంటుంది మా పని. పక్కన పెట్టుకున్నది మూలప్రతి. శాంపిల్ బాగుంటే అన్ని పేజీలూ దొరుకుతాయి. ఎండకు చెడిపోతే కొన్ని పేజీలు అసలే దొరకవు. దొరకని చోట అక్షరానికి బదులు ‘ఎన్’ అని పెట్టాలి. ఇక్కడేముందో తెలియదు అని దాని అర్థం.

మా పెద్దసారుకు ఆ ఎన్‌లంటే పడేది కాదు. ఆయనది కోస్తా. మంచి మనిషే, కాని తెర మీద వరసగా ఎన్‌లు కనిపిస్తే మొహం చిట్లించేవాడు. "ఏవండీ, జల్లెడ పంపిస్తున్నామా, జీనోమ్ పంపిస్తున్నామా? పూర్తి జీనోమ్ అని పడితేనే కదండీ మన లేబ్‌కో పేరు" అనేవాడు. డేటాబేస్ వాళ్ళూ అంతే. ఖాళీలు ఎక్కువుంటే ఎందుకున్నాయని ప్రశ్న మీద ప్రశ్న పంపేవారు. నిండుగా ఉన్నదాన్ని ఎలా నిండిందని ఒక్కరూ అడిగేవారు కాదు.

ఆ ఏడాది మొదట వచ్చిన శాంపిల్ భూపాలపల్లి అడవి అంచు నుంచి. ఒక ఎద్దు మెడ మీది పక్కు. చల్లటి పెట్టెలో, సమయానికి వచ్చింది. దాదాపు ప్రతి అక్షరమూ దొరికింది. అంత శుభ్రమైన జీనోమ్‌ను నేను అంతకు ముందు చూడలేదు. మురిసిపోయాను. అప్పటిదాకా మేము మూలప్రతిగా వాడుతున్నది ఏదో పరాయి దేశపు పాత వైరస్‌ది. మన దగ్గరి వైరస్‌కు మన దగ్గరి మూలప్రతే మేలు కదా అనుకుని, పాతదాన్ని తీసేసి భూపాలపల్లిది పెట్టాను.

అంతవరకు తప్పు లేదు. కాని మా సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి ఉంటుంది. దానికి టిక్ ఉంటే, దొరకని పేజీల చోట ఎన్‌లు పెట్టకుండా మూలప్రతిలోని అక్షరాలనే తెచ్చి నింపేస్తుంది. పెద్దసారు నస భరించలేక ఆ టిక్ ఎప్పుడో పెట్టాను. పెట్టానని నాకు తెలుసు. పరాయి మూలప్రతి ఉన్నన్నాళ్ళూ దానివల్ల ఎవరికీ తగువు రాలేదు. అందుకని మరిచిపోయినట్టే ఉండిపోయాను.

రెండో శాంపిల్ జనగామ జిల్లాలో చిల్పూరు దగ్గరి ఊరిది. ఒక అవ్వ పాడి ఆవుది. గడ్డలు లేచి, కాళ్ళు వాచి, ఆ శాంపిల్ మాకు అందేలోపే చచ్చిపోయింది. శాంపిల్ తెచ్చింది మా లేబ్ అక్క. వయసులో, సర్వీసులో నాకంటే పెద్ద. జనగామ మనిషి. జీపులో ఐసు పెట్టెను పసిపిల్లలా ఒడిలో పెట్టుకుని కూర్చునేది. ఆ రోజు దారిలో జీపు ఆగిపోయి, ఐసు కరిగిపోయింది.

"ఇది ఎండకు ఖరాబైంది తమ్మీ. మంచిగ రాకపోతే రాలేదనే రాయి" అని చెప్పి సీసా ఇచ్చింది.

మంచిగా రాలేదు. పేజీలకు పేజీలు లేవు. అయినా సాఫ్ట్‌వేర్ నుంచి నిండు జీనోమ్ బయటికి వచ్చింది. దాన్ని భూపాలపల్లిదాని పక్కన పెట్టి చూస్తే అక్షరం అక్షరం ఒకటే. ఈ వైరస్ మెల్లగా మారుతుంది. రెండు చోట్లవి దగ్గరగా ఉండటం వింత కాదు. కాని ఒక్క అక్షరం తేడా కూడా లేకుండా ఉంటే దానికి ఒకటే అర్థం చెప్పుకుంటాం. ఇది అక్కడి నుంచే, ఈ మధ్యనే వచ్చింది.

నేను ఆ అర్థమే చెప్పాను. జనగామలో అధికారుల మీటింగులో ఒకాయన లేచి "రోగం ఎట్లొచ్చింది మరి?" అని అడిగితే, పెద్దసారు నా వైపు చూశాడు. "భూపాలపల్లి వైపు నుంచి తోలుకొచ్చిన పశువుతో" అన్నాను. ఈగలు, దోమలు కూడా ఈ రోగాన్ని మోస్తాయని అందరికీ తెలుసు. కాని ఈగను పట్టుకుని నిలదీయలేం. మనిషినైతే నిలదీయవచ్చు. ఆ వారమే చిల్పూరు వైపు అంగడిలో ఆ బేరగాణ్ణి గేటు దగ్గరే ఆపేశారు.

కొన్నాళ్ళకు ఆయన మా లేబ్ గేటు దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతిలో చర్నాకోల లేకపోతే బడిపంతులు అనుకునేంత నెమ్మది. వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే నన్నే బయటికి పిలిపించాడు.

"సారూ, జనగామల చెప్పింది నువ్వేనా?"

"నీ పేరు నేనెక్కడా చెప్పలేదు."

"పేరెందుకు? భూపాలపల్లి దిక్కు నుంచి ఆ అంగడికి ఎడ్లను తోలేటోన్ని నేనొక్కన్నే. ఊరి పేరు చెప్తే నా పేరు చెప్పినట్టే గద."

నేను లోపలికి తిరగబోయాను.

"నా ఎద్దుకు గడ్డలు లేస్తే నేనే పశువుల దవాఖానకు తోలుకపోయిన. దాచి అమ్ముకుంటే ఎవలకెరుక? నేను తోలుకపోయినందుకే నీకు ఆ పక్కు దొరికింది. గది గూడ తప్పేనా?"

"నువ్వు దొంగవని అనలేదు. రెండు చోట్లా వైరస్ ఒకటేనని అన్నాను. మనుషులు అబద్ధమాడతారేమో కాని జీనోమ్ ఆడదు."

"మరి అవ్వ ఆవు పడకముందు రెండు నెలలు నేను ఆ అంగడి మొకమే చూడలే. మా బిడ్డ కాన్పు కష్టమై వరంగల్ల దవాఖాన పట్టుకుని ఉంటిమి. పోయి అడుగు."

నేను అడగలేదు. ఇంత తయారుగా జవాబు పెట్టుకుని వచ్చాడంటే ఏదో ఉందనుకున్నాను. బేరగాడి మాట, అందులోనూ చిక్కుకున్న బేరగాడి మాట. ఆయన నెమ్మదిని కూడా అనుమానించాను. నిజంగా ఏ పాపమూ ఎరగనివాడైతే అరిచేవాడు కదా అనిపించింది.

పోతూ పోతూ ఒక మాటన్నాడు. "నేను నోరు తెరిచి పండ్లు చూడకుండ ఎద్దు వయసు చెప్పను సారూ. నువ్వేం జూసి చెప్పినవో జర నాకు సూపెట్టు."

"చూపెట్టినా నీకు అర్థం కాదు" అన్నాను.

నా ఉద్యోగంలో నేనన్న మాటలన్నిట్లోకీ ఇదే నన్ను ఎక్కువ తినేస్తుంది. ఆ రోజు ఆయన్ను లోపలికి తీసుకుపోయి తెర తెరిచి ఉంటే, ఆయనకు అర్థమయ్యేదో లేదో కాని, నాకు అయ్యేది.

మూడో శాంపిల్ మహబూబాబాద్ జిల్లా నుంచి, దంతాలపల్లి దగ్గర ఒక రైతు ఆవుది. రోగం మానుతున్నప్పుడు తీసిన పక్కు, అందులో వైరస్ కొంచెమే ఉంది. అది కూడా నిండు జీనోమ్‌గా వచ్చింది. అది కూడా భూపాలపల్లిదానితో అక్షరం అక్షరం కలిసింది.

నాకు ఎంత సంబరమైందో చెబితే మీకు అసహ్యం వేస్తుంది. అయితే బేరగాడు దంతాలపల్లి దాకా కూడా పోయాడన్నమాట! రెండు నెలలు దవాఖానలో ఉన్నానని చెప్పిన మనిషి! ఆయన్ను పట్టుకోవడానికే రైలెక్కి కేసముద్రంలో దిగాను. మార్కెట్ యార్డు ముందు ధాన్యం ట్రాక్టర్లు దారి కట్టేస్తే, నన్ను తీసుకుపోవడానికి వచ్చిన పశువైద్య సహాయకుడి బండి వెనక కూర్చుని, సందుల్లోంచి బయటపడి ఆ రైతు ఇంటికి చేరాను.

రైతు ఆవు ముందు నిలబడి నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"దీన్ని ఎక్కడ కొన్నారు?" అన్నాను.

"కొనుడేంది? గీ దొడ్లనే పుట్టింది. దీని తల్లి గూడ గీ దొడ్లనే పుట్టింది. గేటు దాటింది లేదు."

"ఈ మధ్య బేరగాళ్ళెవరైనా వచ్చారా? భూపాలపల్లి వైపు ఎడ్లు?"

"మా ఇంటికి చుట్టాలే వస్తలేరు సారూ, బేరగాడెందుకొస్తడు?"

లోపలి నుంచి ఆయన భార్య అందుకుంది. "నీ నోటికి దడిసి ఈగలు గూడ వస్తలేవు. ఇగ రోగం ఎట్లొచ్చిందో ఆ సారునే అడుగు!"

పశువైద్య సహాయకుడు నవ్వాపుకోలేకపోయాడు. నాకు నవ్వు రాలేదు. చుట్టుపక్కల ఇళ్ళల్లో అడిగాను. ఎవరూ పశువులు కొన్నది లేదు, అమ్మింది లేదు. భూపాలపల్లి అంటే వాళ్ళకు బొగ్గు గనులే గుర్తుకొచ్చాయి, ఎడ్లు కాదు.

తిరుగు రైల్లో ఆలోచించాను. మూడు ఊళ్ళు, ఒకదానికొకటి పోలిక లేని మూడు దారులు. మూడింట్లోనూ ఒకే వైరస్. వీటన్నిటినీ ముట్టుకున్నవాళ్ళెవరు? మా అక్క. మూడు చోట్లకూ పోయింది ఆమే, మూడు సీసాలూ తెచ్చింది ఆమే. భూపాలపల్లి పక్కునే మూడు సీసాల్లో పోసి ఉంటుంది, లేదా పేర్ల చీటీలు తారుమారు చేసి ఉంటుంది. మరునాడు లేబ్‌లో అందరూ ఉండగా అడిగేశాను.

ఆమె చేతి తొడుగులు విప్పుతూ ఆగిపోయింది. "ఏమంటున్నవు తమ్మీ?"

"సీసాలు కలిసిపోయాయేమోనని."

"కలిసినయా, నేను కలిపిన్నా?"

పక్కవాళ్ళు తలలు దించుకున్నారు. "జనగామ మనిషినై ఉండి, మా దిక్కు అవ్వ ఆవు సీసల ఇంకో దిక్కు వైరస్ పోస్తనా నేను?" అంది. అరవలేదు. తొడుగులు డబ్బాలో వేసి వెళ్ళిపోయింది. ఆ మాట సాయంత్రానికి పై అంతస్తు దాకా పోయింది. ఇప్పటికీ తిరుగుతున్న కథ అదే.

ఆమె సీసాలు కలిపిందని రుజువు చేయడానికే నేను మొదటిసారి యంత్రం పంపిన అసలు తునకలు తెరిచాను. సీసాలో భూపాలపల్లి పక్కే ఉంటే, దంతాలపల్లి శాంపిల్‌ను కూడా యంత్రం అంత బాగానే చదివి ఉండాలి. చదవలేదు. తునకలు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. మరి భూపాలపల్లి వైరస్‌కే ప్రత్యేకమైన ఆ కొన్ని అక్షరాలు ఇందులో ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ చోటికి పోయి చూశాను. అక్కడ ఒక్క తునక కూడా లేదు. యంత్రం అసలేమీ చదవని చోట, నా జీనోమ్‌లో అక్షరాలు ముత్యాల్లా వరసగా ఉన్నాయి. చిల్పూరుది తెరిచాను. అదే చోట అదే ఖాళీ, అవే అక్షరాలు.

మూడింటినీ ముట్టుకుంది అక్క ఒక్కతే కాదు. నేను కూడా. ఒక పంచెను చింపి ఇంకో రెండు పంచెలకు అతుకు వేసి, చూశారా, మూడూ ఒకే మగ్గం మీద నేసినవే అని ఊరంతా చాటాను.

సీసాలో మిగిలిన దంతాలపల్లి పక్కుతో ఆ ఒక్క చోటును మాత్రం విడిగా చదివించాం. చదివింది అక్కే. నాతో మాట్లాడకుండానే చేసింది. భూపాలపల్లిదానితో కలవలేదు. అది వేరే దారిన వచ్చిన వైరస్. చిల్పూరుది కూడా అలాగే చదివిద్దామంటే సీసాలో ఏమీ మిగల్లేదు. ఆవు ఎప్పుడో మట్టిలో కలిసింది. దాని వైరస్ ఎక్కడిదో ఇక ఎవరూ చెప్పలేరు.

పెద్దసారు దగ్గరికి పోయి డేటాబేస్‌లో పెట్టిన చిల్పూరు, దంతాలపల్లి జీనోమ్‌లు రెండూ వెనక్కి తీసుకుందామన్నాను. ఆయన తలుపు వేయమన్నాడు.

"చూడండి, పంపింది వెనక్కి తీసుకుంటే మన మిగతావాటిని ఎవరు నమ్ముతారండీ?"

"నమ్మకూడదు సార్. వాటికీ ఆ టిక్ ఉంది."

ఆయన కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. "యంత్రం లోపం అని రాద్దాం" అన్నాడు చివరికి. నేను యంత్రం లోపం కాదని రాసి పంపాను. ఆ తర్వాత మా మధ్య మాటలు లేవు, కొన్ని నెలలకు నా ఉద్యోగమూ లేదు. ఎవరూ తీసేయలేదు, నేనే ఉండలేకపోయాను. డేటాబేస్ వాళ్ళు ఆ రెండింటినీ ఉపసంహరించినట్టు గుర్తు పెట్టారు. కాని అప్పటికే వాటిని దించుకున్నవాళ్ళున్నారు. వేరే దేశంలో ఎవరో గీసిన వంశవృక్షంలో చిల్పూరు ఆవు, భూపాలపల్లి ఎద్దు ఇప్పటికీ కవలపిల్లల్లా ఒకే కొమ్మ మీద కూర్చుని ఉన్నాయి. ఉత్తరాలు రాశాను. కొందరు తీశారు, కొందరు జవాబివ్వలేదు. శుభ్రంగా, నిండుగా ఉన్న జీనోమ్ దేన్ని చూసినా ఇప్పుడు నాకు ముందు అనుమానమే వస్తుంది. మీకూ రావాలి.

ఉద్యోగంలో ఉండగానే అక్కకు అందరి ముందూ క్షమాపణ చెప్పాను. "అనేటప్పుడు పది మంది విన్నరు, ఇప్పుడు ఐదుగురే ఉన్నరు తమ్మీ" అంది. ఆ మిగతా ఐదుగురి కోసమే ఈ రాత కూడా.

ఆ రోజుల్లోనే బేరగాడి ఇంటికి పోయాను. ఆయన మనవరాలిని ఎత్తుకుని కూర్చున్నాడు. ఆ కాన్పు బిడ్డే. చెప్పిందంతా విని, "గిదంతా నాకెందుకు చెప్తున్నవు సారూ? నాకు మునుపే ఎరుక" అన్నాడు. "అంగట్ల చెప్పు."

పోయాం. ఆయన ఒక జత కోడెలను కూడా తోలుకొచ్చాడు. గేటు దగ్గర ఆపబోతే నేను ముందుకు వచ్చి లేబ్ మనిషినని చెప్పాను. అంగడి పెద్దలు, రైతులు చుట్టూ చేరారు. జనం వెనక ఆ అవ్వ కూడా ఉంది.

తప్పు నాదని చెప్పాను. ఎలా జరిగిందో పంచె, అతుకు అంటూ చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత ఒక రైతు అడిగాడు.

"అయితే రోగం గీయన ఎడ్లతోటి రాలేదంటవు?"

వచ్చే దారిలో ఈ ప్రశ్న కోసం ఎన్నో జవాబులు అనుకున్నాను. రాలేదు అనేస్తే సరిపోయేది. ఆ ఒక్క మాట కోసమే ఆయన నన్ను తెచ్చాడు. కాని చిల్పూరు సీసా ఖాళీ. రాలేదని చెప్పడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు. అలా అంటే మళ్ళీ ఒక ఖాళీని నాకు తోచినదానితో నింపినట్టే.

"తెలియదు" అన్నాను.

"తెల్వదంటే? వచ్చి ఉండొచ్చు గూడ?"

"ఆయన ఆ రెండు నెలలు ఇటు రాలేదు. దవాఖానలో అడిగి వచ్చాను. అది నిజం. వైరస్ సంగతి మాత్రం... తెలియదు."

"అప్పుడేమో అక్షరం అక్షరం కలిసిందంటివి. ఇప్పుడేమో తెల్వదంటివి" అన్నాడు ఒక పెద్దమనిషి. వెనక నుంచి ఎవడో "ఎన్ని కోడెలిచ్చిండు సారుకు?" అన్నాడు. నవ్వులు లేచాయి. నేను అబద్ధం చెప్పినప్పుడు ఎవరూ నన్ను అనుమానించలేదు.

అవ్వ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. నన్ను చూడలేదు, బేరగాణ్ణి చూసింది. "ఇన్ని దినాలు పొద్దున లేస్తే నిన్నే తిట్టిన బిడ్డా. నీ దొడ్డి మునగాలన్న. ఇగ నేనెవల్ని తిట్టాలె?"

"నన్ను తిట్టు అవ్వా" అన్నాను నేను.

"నిన్ను తిట్టి ఏం లాభం? నువ్వు ఈ అంగట్ల ఎడ్లు అమ్మేటోనివా?"

బేరగాడు నవ్వాడు. "నన్నే తిట్టు అవ్వా. నాకు అలవాటైంది" అన్నాడు.

జనం మెల్లగా విడిపోయారు. ఆయన కోడెలను గుంజకు కట్టేసి పక్కన నిలబడ్డాడు. ఆయన్ను ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఆ అంగడిలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడు భుజం మీది రుమాలు తీసి చేతుల మీద కప్పితే, కొనేవాడు దాని కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతాడు. ఇద్దరు ముగ్గురు రైతులు వచ్చారు. కోడెల పండ్లు చూశారు, మెడలు, పొట్టలు నిమిరి గడ్డలున్నాయేమోనని వెతికారు. గడ్డలు లేవు. మంచి కోడెలే అన్నారు. పక్క గుంజల దగ్గర రుమాళ్ళ కింద చేతులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. పొద్దు వాలి అంగడి ఎత్తేసేదాకా ఆయన రుమాలు భుజం మీదే ఉంది.